డెబియన్ 13 రివ్యూ: పాత కమాండ్లు తీసేయండి, కానీ కొత్తవి ఎక్కడున్నాయో చెప్పండి

మండపేట, రామచంద్రపురం, రావులపాలెం చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో కంప్యూటర్లు, నెట్‌వర్క్, కెమెరాలు చూసుకోవడం నా పని. కాటా దగ్గర పెట్టే కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ బదులు డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమే వేస్తాను. లైసెన్స్ ఖర్చు ఉండదు, వైరస్ గొడవ తక్కువ. కోతల టైములో లారీలు బారులు తీరి ఉన్నప్పుడు అప్‌డేట్ అంటూ మధ్యలో ఆగిపోదు. 2025 ఆగస్టు 9న విడుదలైన డెబియన్ 13ని (దీని పేరు ట్రిక్సీ) సార్వా సీజన్ అంతా నడిపించి చూశాక ఈ రివ్యూ రాస్తున్నాను. డెస్క్‌టాప్ ఎలా ఉంది, స్పీడు ఎంత అన్నవి చాలామంది రాశారు. నేను పాత కమాండ్ల గురించే రాస్తాను. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ల నుంచి వచ్చే ఫోన్లు ఎక్కువగా వాటి గురించే.

ఈసారి పోయిన వాటిలో పెద్దది లాస్ట్. ఏ యూజర్ ఎప్పుడు లాగిన్ అయ్యాడో, ఎప్పుడు బయటికి వెళ్లాడో చూపించే కమాండ్ అది. మిల్లులో దీని అవసరం చిన్నది కాదు. తూకంలో తేడా వచ్చిందంటే ఓనరు గారు ముందు అడిగేది "రాత్రి కాటా మీద ఎవరున్నారు?" అనే. ఇన్నాళ్లూ లాస్ట్ అని కొట్టి చూపించేవాళ్లం. డెబియన్ 13లో అదే కొడితే కమాండ్ నాట్ ఫౌండ్ అంటుంది. దాని తోడు కమాండ్లు లాస్ట్‌బీ (విఫలమైన లాగిన్‌లు చూపించేది), లాస్ట్‌లాగ్ (ఒక్కో యూజర్ చివరి లాగిన్ చూపించేది) కూడా అంతే.

తీసేయడానికి కారణం గట్టిదే. ఆ కమాండ్లు చదివే పాత ఫైళ్లలో టైము దాచడానికి ఉన్న చోటు 32 బిట్లు. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ వస్తే 2038 జనవరి 19న, మన టైములో ఉదయం 8 గంటల 44 నిమిషాలకు ఆ చోటు నిండిపోతుంది. ఆ ఫైళ్ల ఫార్మాట్‌ను 64 బిట్లకు మార్చబోమని తేల్చేశారు. లాగిన్ రికార్డు అంటే సాక్ష్యం. తేదీ తప్పు చెప్పే సాక్ష్యాన్ని ఇంకా చాలా ఏళ్లు ఉంది కదా అని మోసుకు తిరగడం కంటే ఇప్పుడే తీసేయడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

నాకు నచ్చనిది తీసేసిన తీరు. దాని స్థానంలో డబ్ల్యూటీఎంపీడీబీ అనే ప్యాకేజీ ఉంది, దానికి తోడు ఒక పామ్ మాడ్యూల్ (లాగిన్ జరిగినప్పుడల్లా పనిచేసే చిన్న భాగం) వేయాలి. వేసిన దగ్గర్నుంచే అది రాసుకోవడం మొదలుపెడుతుంది. అంటే అవసరం వచ్చిన రోజు వేస్తే, పాత లాగిన్ ఫైల్లో పడి ఉంటే తప్ప ముందురోజు రాత్రి సంగతి దానికి తెలియదు. లాస్ట్ బదులు ఏం వేయాలో రిలీజ్ నోట్స్‌లో స్పష్టంగా రాశారు, కాదనను. కానీ కాటా గదిలో కూర్చున్న కుర్రాడు రిలీజ్ నోట్స్ చదవడు, స్క్రీన్ చదువుతాడు. "లాస్ట్ ఇప్పుడు లేదు, ఎల్‌ఎస్‌లాగిన్స్ చూడండి" అని ఒక్క లైను ఆ పాత పేరు మీద ఉంచితే ఏం పోయేది?

కంప్యూటర్ నెట్‌వర్క్ అడ్రస్‌లు చూపించే ఐఎఫ్‌కాన్ఫిగ్ కథ ఇంకా పాతది. 1983లో బర్క్‌లీ యూనిక్స్ 4.2తో వచ్చిన కమాండ్ అది. లినక్స్‌లో దాని బదులు వాడే ఐపీ కమాండ్‌ను అలెక్సీ కుజ్నెత్సోవ్ రాసి పాతికేళ్లు దాటింది. 2017లో వచ్చిన డెబియన్ 9 నుంచే ఐఎఫ్‌కాన్ఫిగ్, నెట్‌స్టాట్ ఉండే నెట్-టూల్స్ ప్యాకేజీ మామూలు ఇన్‌స్టాలేషన్‌లో రావడం లేదు. అయినా ఇప్పటికీ "అన్నయ్యా, ఐఎఫ్‌కాన్ఫిగ్ కొడితే లేదంటోందండి" అని ఫోన్ వస్తుంది. కాలేజీల్లో, వీడియోల్లో ఇంకా అదే నేర్పుతున్నారు మరి.

అది ఉంటే ఏం నష్టం అనేవాళ్లకు మండపేట దగ్గర ఒక మిల్లులో జరిగింది చెబుతాను. కాటా కంప్యూటర్‌కి ఒకటే నెట్‌వర్క్ కార్డు. మిల్లు లాన్ అడ్రస్ ఒక వరుసలో, కెమెరా రికార్డర్ ఇంకో వరుసలో ఉండటంతో అదే కార్డుకి ఐపీ కమాండ్‌తో రెండో అడ్రస్ ఇచ్చాను. ఒకరోజు కెమెరా రాలేదు. అక్కడి కుర్రాడు నెట్-టూల్స్ వేసుకుని ఐఎఫ్‌కాన్ఫిగ్ కొట్టాడు. ఒక్క అడ్రసే కనిపించింది. రెండోది పోయిందనుకుని కేబుల్ పీకి కొత్త కనెక్టర్ క్రింప్ చేశాడు, స్విచ్ ఆపి వేశాడు. ధాన్యం లారీ కాటా మీదే నిలబడి ఉంది. ఫోన్‌లో "ఐపీ ఏ" అని కొట్టమంటే రెండు అడ్రస్‌లూ కింద ఒకటి పైన ఒకటి కనిపించాయి. అసలు తప్పు రికార్డర్ అడాప్టర్‌లో ఉంది. విడిగా లేబుల్ పెట్టకుండా ఇచ్చిన రెండో అడ్రస్‌ను ఐఎఫ్‌కాన్ఫిగ్ చూపించదు. కుర్రాడిది తప్పు కాదు, చేతిలోని పనిముట్టు సగమే చెప్పింది. పైగా డెబియన్‌లో మామూలు యూజర్‌కి ఐఎఫ్‌కాన్ఫిగ్ వేశాక కూడా దొరకదు, పూర్తి పాత్ ఇవ్వాలి. ఐపీకి ఆ తిప్పలు లేవు.

ఏ నెట్‌వర్క్ కనెక్షన్లు తెరిచి ఉన్నాయో చూపించే నెట్‌స్టాట్ విషయంలో మాత్రం నేను కాస్త మెత్తబడతాను. దాని బదులు వచ్చిన ఎస్‌ఎస్ కమాండ్ వేగంగానే పనిచేస్తుంది, కానీ ఎవరో ఎప్పుడో రాసిపెట్టి వెళ్లిపోయిన బిల్లింగ్ స్క్రిప్టుల్లో నెట్‌స్టాట్ ఉంది. అది లేకపోతే స్క్రిప్టు మధ్యలో ఆగిపోతుంది. ప్యాకేజీ తెచ్చుకుందామంటే నెట్ కావాలి. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను వచ్చినప్పుడు కరెంటూ లేదు, నెట్టూ లేదు, జనరేటర్ మీద పని. అప్పటి నుంచి నెట్-టూల్స్ ప్యాకేజీ ఫైలు నా పెన్‌డ్రైవ్‌లో ఎప్పుడూ ఉంటుంది. మీరూ పెట్టుకోండి.

ఎలా తీసేయాలో చూపించిన వాళ్లు లేకపోలేదు. ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ కమాండ్ ఉంది కదా, 2022లో వచ్చిన గ్నూ గ్రెప్ 3.8లో దాని పాత రూపం ఈగ్రెప్ కొడితే పని చేసి పెడుతూనే, ఇది పాతబడింది, గ్రెప్‌కి ఈ ఆప్షన్ ఇచ్చి వాడండి అని హెచ్చరిస్తుంది. చాలామంది విసుక్కున్నారు, నాకైతే అదే సరైన పద్ధతి. మిల్లు ఆఫీసుల్లో విండోస్ మిషన్ల దగ్గరా ఇదే సమస్య. వారంటీ కోసం సీరియల్ నంబర్ చూసుకునే డబ్ల్యూఎంఐసీ కమాండ్, విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి మామూలుగా రాదు. హ్యాకర్లు దాన్ని వాడుకుంటున్నారు కాబట్టి తీసేయడం న్యాయమే. విండోస్‌లోనే ఉండే పవర్‌షెల్‌లో అదే పని అవుతుంది.

మిగతావి క్లుప్తంగా. కెర్నల్ (సిస్టమ్‌కి గుండెలాంటి భాగం) 6.12, సీజన్ అంతా ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేశారు, కాబట్టి మూలన ఉన్న పాత పెంటియంలు డెబియన్ 12 దగ్గరే ఆగాలి. సపోర్ట్ మూడేళ్లు పూర్తిగా, ఆపైన రెండేళ్లు ఎల్‌టీఎస్ (పొడిగించిన సపోర్ట్).

ఐదుకు నాలుగు ఇస్తాను, ఆ తగ్గిన ఒకటి లాస్ట్ పేరు మీద ఒక్క లైను రాయనందుకు. కొత్తగా వేసేవాళ్లు సందేహించకుండా 13 వేయండి. 12 నుంచి మారేవాళ్లు దాళ్వా ధాన్యం రాకముందే మారండి. మారిన రోజే డబ్ల్యూటీఎంపీడీబీ, దాని పామ్ మాడ్యూల్ వేసి, ఒకసారి లాగౌట్ అయి లాగిన్ అయ్యి "డబ్ల్యూటీఎంపీడీబీ లాస్ట్" కొట్టి మీ పేరు పడిందో లేదో చూసుకున్నాకే మిల్లు గేటు దాటండి.