పాత పికప్పుకు గాలి తీసే గరాటు: నాలుగు వేసవుల వాడకం తర్వాత

రేడియేటర్ మూతి మీద బిగించి, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ పోసుకునే ప్లాస్టిక్ గరాటు సెట్టును 2021 మార్చిలో తెప్పించుకున్నాను. అప్పటి నుంచి నాలుగు వేసవులు దాన్ని మా 2008 మోడల్ డీజిల్ పికప్పుకే వాడాను. అందులో ఎన్ని అడాప్టర్లు వస్తాయో, గరాటులో ఎంత పడుతుందో అమ్మేవాళ్ళే రాస్తున్నారు కనుక వాటి జోలికి వెళ్ళను. దాని గుణం ఒక్కటే నాకు ముఖ్యం. అది కూలెంట్ మట్టాన్ని ఇంజిన్‌లోని అన్ని గొట్టాల కంటే ఒక జానెడు పైన నిలబెడుతుంది. లోపల ఎక్కడ గాలి చిక్కుకున్నా అది పైకి వచ్చేందుకు దారి, దాని చోటులోకి నీరు దిగేందుకు బరువు, రెండూ ఆ జానెడు ఎత్తులోనే ఉన్నాయి.

ఆ ఏడాది ఫిబ్రవరిలో బండికి వాటర్ పంపు మార్పించాం. అప్పటి నుంచి బయలుదేరిన అరగంటకే టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి లేచేది, నిమిషం తిరగకముందే మళ్ళీ కిందికి పడిపోయేది. కింద చుక్క కారిన జాడ ఉండేది కాదు గానీ, తెల్లారి మూత తీసి చూస్తే రేడియేటర్‌లో బెత్తెడు నీళ్ళు తగ్గి ఉండేవి. ఒక షెడ్డులో, ఇంజిన్ పై భాగమైన హెడ్ కింద ఉండే గాస్కెట్ పోయిందని, హెడ్ దించాలని చెప్పారు. ఇంకొక షెడ్డులో థర్మోస్టాట్ పీకేస్తే సరిపోతుందన్నారు. మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకన్న మాట మా వైపు చాలామంది నోట వింటాం కానీ, నేను దానికి ఎప్పుడూ ఒప్పుకోలేదు. 82 డిగ్రీల దగ్గర తెరుచుకునే ఆ వాల్వు లేకపోతే ఇంజిన్ చాలాసేపు చల్లగానే తిరిగి డీజిల్ ఎక్కువ తాగుతుంది. చివరికి ముప్పై ఏళ్ళు లారీ తోలిన మా పక్కింటి పెద్దాయన క్యాబిన్‌లో కూర్చుని, నన్ను ఒకసారి రేస్ చేయమని, డ్యాష్‌బోర్డు వెనక గలగలమన్న చప్పుడు విన్నారు. "ఇది నీళ్ళు తాగడం కాదబ్బయ్యా, లోపల గాలి మింగి కూర్చుంది" అన్నారు. గరాటు తెప్పించింది ఆ మాట మీదనే.

మా ఊరి చెరువు కట్ట ఎక్కే వాలులో, రేడియేటర్ మూతి అన్నిటికంటే ఎత్తుగా ఉండేలా బండి ముక్కు పైకి పెట్టి నిలిపాను. చక్రాల వెనక రాళ్ళు పెట్టాను. రాత్రంతా చల్లారిన ఇంజిన్ కాబట్టి మూత తీయడానికి భయం లేదు. వేడి మీద ఉన్న బండి మూత తీయడానికి మాత్రం నేను ఏ కారణానికీ సాహసించను. గరాటు బిగించి, సగం దాకా కూలెంట్ పోసి, పెద్దాయన చెప్పినట్టు హీటర్ నాబును పూర్తిగా వేడి వైపు తిప్పాను. నెల్లూరు ఎండల్లో హీటర్‌తో ఎవరికి పని? కొన్నప్పటి నుంచి మేము దాన్ని ముట్టుకున్నది లేదు. ఆ నాబు మూసి ఉన్నంతకాలం హీటర్ గొట్టాల్లోని గాలికి బయటికి దారి లేదన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

మొదటి పది నిమిషాలు ఆవగింజలంత బుడగలు ఒకటీ అరా వచ్చాయి. రేడియేటర్ పై గొట్టాన్ని గుడ్డతో పట్టుకుని, ఫ్యాన్‌కు చెయ్యి దూరంగా ఉంచి, మెల్లగా నొక్కి వదులుతూ ఉన్నాను. అంతవరకు చల్లగా ఉన్న గొట్టం ఒక్కసారిగా కాలడం మొదలైంది, అంటే థర్మోస్టాట్ తెరుచుకుంది. మరుక్షణం గరాటులోని పచ్చటి కూలెంట్ రెండు వేళ్ళు దిగిపోయి, అడుగు నుంచి నిమ్మకాయంత బుడగ ఒకటి గుబుక్కున పైకి వచ్చి పగిలింది. దాని వెనకే మరొకటి, ఆ పైన మరో నాలుగైదు. గరాటు లేకుండా ఇదే పని చేసినప్పుడు సరిగ్గా ఈ ఘట్టంలోనే కూలెంట్ పొంగి నేలపాలయ్యేది, మేము హడావిడిగా మూత పెట్టేసేవాళ్ళం, గాలి లోపలే ఉండిపోయేది. నిండిపోయిందని మేము అనుకున్న ఆ రేడియేటర్ ఆ పూట దాదాపు లీటరున్నర తాగింది. అంతవరకు చల్లటి గాలి ఊదిన హీటర్ నుంచి వేడి గాలి ముఖానికి తగిలినప్పుడు, హెడ్ దించే ఖర్చు తప్పినందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. సెన్సార్ నీటిలో మునిగి ఉంటేనే ముల్లు నిజం చెబుతుంది. దాని చుట్టూ గాలి ఉన్నంతసేపు అది చెప్పేది గాలి వేడినే గానీ ఇంజిన్ వేడిని కాదు.

ఆ తర్వాత రెండేళ్ళు అడిగినవారికీ అడగనివారికీ ఈ గరాటు కొనుక్కోమని చెప్పాను. ఇది ఉంటే ముల్లు లేచిన బండికి వేరే వైద్యం అక్కరలేదని కూడా అన్నాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి.

2023 మే నెలలో ఉలవపాడు తోటల నుంచి మామిడికాయల లోడుతో నెల్లూరు వెళ్తుండగా, ముసునూరు టోల్‌గేటు దాటిన కాసేపటికి ముల్లు ఎర్ర గీతను ముట్టుకుంది. బండి పక్కకు తీసి, బానెట్ ఎత్తి, మిట్టమధ్యాహ్నం ఎండలో గంటన్నర కూర్చున్నాం. చల్లారాక మూత తీస్తే రేడియేటర్‌లో నీళ్ళు కనబడలేదు, పక్కనున్న ప్లాస్టిక్ బాటిల్ మాత్రం గీత దాకా నిండి ఉంది. అంతకు ముందు నెల రోజులుగా నేను ప్రతి ఆదివారం గరాటు బిగించి, గాలి తీసి, బుడగలు వచ్చినందుకు తృప్తి పడుతూ వచ్చాను. ప్రతి వారం అంత గాలి ఎక్కడి నుంచి వస్తోందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

రేడియేటర్ మూతి నుంచి ఆ బాటిల్‌కు వెళ్ళే పెన్సిలంత లావు రబ్బరు గొట్టం క్లిప్పు కింద చీలి ఉంది. ఇంజిన్ వేడెక్కినప్పుడు పెరిగిన కూలెంట్ మూతలోని స్ప్రింగును నెట్టుకుని బాటిల్‌లోకి వెళ్తుంది, చల్లారేటప్పుడు మూత అడుగున ఉన్న చిన్న వాల్వు తెరుచుకుని దాన్ని వెనక్కి పీల్చుకుంటుంది. గొట్టం చీలితే పీల్చుకునేది కూలెంట్‌ను కాదు, గాలిని. బాటిల్ నిండుగానే ఉండి రేడియేటర్ ఖాళీ అవుతుంటే అనుమానించవలసిన మొదటి చోటు అదే. కొత్త గొట్టానికీ రెండు క్లిప్పులకూ కలిపి వంద రూపాయలు కూడా కాలేదు. మార్కెట్‌కు ఆలస్యంగా చేరినందుకు కాయల ధరలో పోయింది దానికి ఎన్నో రెట్లు.

ఇంకొక విషయంలోనూ గరాటు నన్ను తికమక పెట్టింది. 0.9 బార్ మూత బిగించి ఉన్నప్పుడు లోపలి నీరు దాదాపు 118 డిగ్రీల దాకా మరగదు, గరాటు పెట్టినప్పుడు ఆ ఒత్తిడి ఉండదు. అందుకే మధ్యాహ్నం పూట ఎక్కువసేపు ఇంజిన్ నడిపితే హెడ్ దగ్గర మరిగిన ఆవిరి కూడా బుడగలై వస్తుంది. వాటిని చూసి గాస్కెట్ పోయిందేమోనని ఒకసారి బెంబేలెత్తాను. గాస్కెట్ లీకును పట్టే నీలం ద్రావకం తెప్పించి పరీక్షించాను. డీజిల్ బండిలో లీకు ఉంటే ఆకుపచ్చకు తిరగవలసిన ఆ ద్రావకం నీలంగానే ఉండిపోయింది కనుక హెడ్ జోలికి పోలేదు. ఇప్పుడు ఈ పని తెల్లవారుజామునే పెట్టుకుంటున్నాను.

అడాప్టర్ రబ్బరు వాషర్ మూడో ఏడు గట్టిపడి, మూతి దగ్గర చెమర్చడం మొదలైంది. విడిగా దొరకక, సైజు చూసి వేరే వాషర్ వేశాను. మా బోరు నీళ్ళు పోస్తే గరాటు గోడలకే తెల్లటి పొర కడుతుంది, అది రేడియేటర్ లోపల కట్టకూడదని డిస్టిల్డ్ వాటరే కలుపుతున్నాను.

నాకు ఉన్నది ఒక్క పాత బండి, దాని మూత నేరుగా రేడియేటర్ మీదే ఉంటుంది, నా పని నేనే చేసుకుంటాను, ఇంటికి దగ్గరలో కట్ట వాలు ఉంది. ఈ నాలుగూ కలిసివచ్చాయి కనుక నాకు ఇది పెట్టిన డబ్బుకు ఎన్నో రెట్లు పనికివచ్చింది. రేడియేటర్ మీద మూత లేకుండా, థర్మోస్టాట్ దగ్గర గాలి వదిలే స్క్రూ ఉన్న బండి అయితే దీని అవసరం అంతగా పడకపోవచ్చు. గొట్టం మార్చాక నేను దీన్ని వాడింది రెండేసార్లు, రెండుసార్లూ కూలెంట్ మార్చినప్పుడే. రెండుసార్లూ చిన్న బుడగలు కాసేపు వచ్చి ఆగిపోయాయి, మర్నాడు మూత తీసి చూస్తే కూలెంట్ అంచు దాకా ఉంది.