టీబీ మందులకు తోడు డి విటమినా, తిండా: ఏది మేలు?

ముషీరాబాద్‌లో మా మెడికల్ షాపుకి వచ్చే టీబీ పేషెంట్ల ఇంట్లోవాళ్లు దాదాపు అందరూ ఇదే అడుగుతారు: "అన్నా, అరవై వేల యూనిట్ల డి విటమిన్ ప్యాకెట్ వేస్తే జల్దీ తగ్గుతదా?" టీబీ మందులు సర్కారు ఉచితంగానే ఇస్తుంది, కాబట్టి చేతిలో ఉన్న కాస్త డబ్బు దేనిమీద పెట్టాలన్నదే అసలు ప్రశ్న.

టీబీకి పనిచేస్తుందన్న పేరు డి విటమిన్‌కి ఊరికే రాలేదు. మందులు లేని రోజుల్లో కాడ్ లివర్ ఆయిల్ (చేప నూనె) తాగించేవాళ్లు, ఎండలో పడుకోబెట్టేవాళ్లు; రెండిటితోనూ డి విటమిన్ అందుతుంది. చర్మానికొచ్చే టీబీకి కాంతితో వైద్యం చేసిన ఫిన్సెన్ అనే డాక్టర్‌కి 1903లో నోబెల్ కూడా వచ్చింది. ఈ విటమిన్ అందితే మన కణాలు క్రిమిని చంపే పదార్థం తయారుచేసుకుంటాయని 2006లో ల్యాబ్‌లో తేలింది. తీరా రోగులకి ఇచ్చి చూస్తే అంత సీను లేదు. 2011లో లండన్‌లో లక్ష యూనిట్ల చొప్పున నాలుగు డోసులిచ్చినా మొత్తమ్మీద తెమడ పరీక్ష చెప్పుకోదగ్గంత ముందు నెగటివ్ కాలేదు, 2015లో మన దేశపు ట్రయల్ కూడా అదే చెప్పింది.

నేనైతే చూసేది బరువు. జార్ఖండ్‌లో టీబీ రోగులకి నెలనెలా 10 కిలోల సరుకులు (బియ్యం, సత్తు అంటే మన పుట్నాల పిండిలాంటిది, పాలపొడి, నూనె) ఇచ్చి చూశారు, 2023లో ఫలితాలొచ్చాయి. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లలో చావు ముప్పు 61 శాతం తక్కువ. రోగులందరికీ సరుకులిచ్చారు కాబట్టి ఇది తిండి ఒక్కదాని గొప్పేనని తేల్చలేం, నిజమే. కానీ ఇంట్లోవాళ్ల విషయంలో పోల్చి చూశారు: వాళ్లకీ బియ్యం, పప్పు ఇచ్చిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఇంత ఫలితం డి విటమిన్ ప్యాకెట్‌తో వచ్చినట్టు నేనెక్కడా చూడలేదు.

మొదట్లో మాత్రలకి వికారం, అన్నం సయించదు. అలాంటప్పుడు పుట్నాల పొడి మజ్జిగలో కలిపి కొంచెం కొంచెంగా తాగించండి, గుడ్డు పెట్టండి. టీబీ రోగుల తిండి కోసం సర్కారు ఇచ్చే నిక్షయ్ పథకం కింద నెలకి పడే 1000 రూపాయలు దీనికే.

ఎండ మంచిదే, ఖర్చు లేదు, వైద్యం మాత్రం కాదు. టీబీ మందుల్లో ఒకటైన ఐసోనియాజిడ్‌తో తిమ్మిర్లు రాకుండా డాక్టర్ రాసే బి6 విటమిన్ మానకండి.

పరీక్షలో డి విటమిన్ తక్కువని తేలి డాక్టర్ రాస్తే ఆ ప్యాకెట్ తప్పక వాడండి, కానీ అది వారానికొకటి, రోజూ కాదు. టీబీ ఉన్నవాళ్లలో కొందరికి కాల్షియం దానంతటదే పెరుగుతుంది, పైన ఇదీ ఎక్కువైతే వాంతులు, కిడ్నీకి దెబ్బ. అందుకే చీటీ లేకుండా అడిగితే నేను ఇవ్వను, కౌంటర్ పక్కనున్న బరువు మిషన్ ఎక్కమంటాను.