వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు గ్యారంటీ అంటే డబ్బు కట్టకండి

ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు కొత్తగా యూట్యూబ్ ఛానెల్ పెట్టుకున్నవాళ్లు జాగ్రత్త. వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది: "పన్నెండు వేలు కట్టండి, నెలలో మానిటైజేషన్ గ్యారంటీ." మానిటైజేషన్ అంటే వీడియోలకు యూట్యూబ్ నుంచి డబ్బు రావడం. మా తమ్ముడు కట్టాడు. దయచేసి మీరు కట్టకండి.

వాడు కొత్తపట్నం తీరంలో చేపల వేట మీద వీడియోలు చేస్తాడు. ఫోన్ తప్ప వేరే సామాను లేదు. అయినా పడవ ఒడ్డుకు లాగడం, వల దులపడం, ఇసుకలోనే చేపల బేరం, ఇవన్నీ జనం ఇష్టంగానే చూస్తున్నారు. ఆ మెసేజ్ పెట్టిన ఏజెంటు డబ్బు ఎవరిదో సొంత నంబరుకు ఫోన్‌పే చేయించుకున్నాడు. బిల్లు అడిగితే "ఆన్‌లైన్ పనికి బిల్లేంటి తమ్ముడూ" అన్నాడు. తెల్లారేసరికి సబ్‌స్క్రైబర్లు వెయ్యి దాటారు. కానీ కొత్త వీడియో కింద ఒక్క కామెంటూ లేదు. ఎవరు ఎంతసేపు చూశారో చూపే అనలిటిక్స్ తెరిస్తే, మన యాసలో సాగే వీడియోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఎక్కడెక్కడి దేశాలవాళ్లో! పది సెకన్లు కూడా ఆగలేదు. ఆ తర్వాత అంకె దిగడం మొదలైంది. నకిలీ ఖాతాలను యూట్యూబ్ ఏరేస్తుంది, ఒక్కోసారి ఛానెల్‌నే తీసేస్తుంది. ఏజెంటుకి ఫోన్ చేస్తే, ఇంకో ఐదు వేలు వేస్తే మళ్లీ నింపుతానన్నాడు. కుదరదన్నాక నంబరు బ్లాక్ చేశాడు. కష్టపడి వీడియోలు తీసే పిల్లల దగ్గర ఇలా గుంజుకోవడం చూస్తే కడుపు మండిపోతోంది.

మానిటైజేషన్‌కి అప్లై చేయడానికి రూపాయి ఖర్చు లేదు. ప్రకటనల ఆదాయం రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ ఉండాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లో కలవదు. డబ్బు పెట్టి యాడ్ వేయించి తెచ్చుకున్న గంటలూ కలవవు. ఇవన్నీ దాటినా ఛానెల్‌ని పరిశీలించాకే ఒప్పుకుంటారు. మధ్యలో ఏ ఏజెంటూ గ్యారంటీ ఇవ్వలేడు.

జీమెయిల్ పాస్‌వర్డ్, ఓటీపీ అడిగితే అక్కడితో మాట ఆపేయండి. ఎడిటింగ్ ఎవరికైనా అప్పజెప్పాలంటే పాస్‌వర్డ్ ఇవ్వకుండానే యూట్యూబ్ స్టూడియో యాప్‌లోని పర్మిషన్స్‌లో వాళ్లను చేర్చవచ్చు. "మా యాడ్‌సెన్స్ (యూట్యూబ్ డబ్బు జమయ్యే గూగుల్ ఖాతా) కలుపుతాం" అన్నా ఒప్పుకోకండి, మీ సంపాదన వాళ్ల ఖాతాకే పోతుంది.

చేతిలో కొంత డబ్బుంటే ముందు మైక్ కొనండి. సముద్రపు గాలికి ఫోన్‌లో హోరు తప్ప మాట వినపడదు. కొన్ని వందలకు దొరికే వైరు కాలర్ మైక్‌కి బొచ్చు తొడుగు వేసి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది. వెలుతురుకి పొద్దుటి ఎండ చాలు.

ఇప్పటికే డబ్బు పంపినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఫోన్‌పే రసీదు, వాట్సాప్ మాటల స్క్రీన్‌షాట్లు దాచిపెట్టుకోండి. పాస్‌వర్డ్ కూడా ఇచ్చి ఉంటే ఈ రోజే మార్చేసి, మీవి కాని ఫోన్లన్నిటి నుంచీ లాగౌట్ చేయండి.