బండ్ల కోట కోసమే ఈ ఆట

హుస్సైట్ల తిరుగుబాటు మీద ఇద్దరాడే ఈ బోర్డు గేమ్ మా ఇంటికొచ్చి చాలా ఏళ్లయింది. నేను చెప్పాలనుకున్నది బండ్ల కోట గురించి.

చర్చిని సంస్కరించాలన్న మతబోధకుడు యాన్ హుస్‌ను 1415లో జర్మనీలోని కాన్‌స్టన్స్‌లో సజీవంగా తగలబెట్టాక, అతని సొంతగడ్డ బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోది) అట్టుడికింది. అతని అనుచరులే హుస్సైట్లు. 1420లో పోప్ వాళ్ల మీద క్రూసేడ్ (మతయుద్ధం) ప్రకటించేసరికి రైతులూ చేతిపనివాళ్లూ కవచాలు తొడిగిన గుర్రపు దళాలకి ఎదురు నిలవాల్సొచ్చింది. అప్పుడు హుస్సైట్ల సేనాని యాన్ జిష్కా బండ్లను గొలుసులతో కలిపి కట్టించి, వాటి మాటు నుంచి తుపాకులూ ఫిరంగులూ పేల్పించాడు. ఆటలో ఇదంతా ఒక్క బిళ్ళ. ఒకవైపు ప్రయాణంలో ఉన్న బండ్లు, తిప్పితే కోట. తిప్పాక కదల్లేదు గానీ, దాని మీదకి గుర్రాల్ని తోలినవాడికి శవాలే మిగుల్తాయి. ఆ బిళ్ళ తిప్పిన ప్రతిసారీ నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అసలు గొప్పతనం ఇంకో రూల్లో ఉంది. దాడిని తిప్పికొట్టిన ప్రతిసారీ హుస్సైట్ ఆటగాడు పాచిక వేసి, తనవాళ్లు కోటలోనే ఉంటారో లేదో తేల్చుకోవాలి. జిష్కా ఉన్నన్నాళ్లూ పాచికే అక్కర్లేదు. 1424లో అతను పోయాకే ఈ గండం మొదలు.

ఒకసారి మా బావమరిది హుస్సైట్లు, నేను కాథలిక్కులు. అప్పటిదాకా నన్ను ఉతికి ఆరేశాడు. చివరి టర్నుల్లో, జిష్కా తర్వాతి సేనాని ప్రోకోప్ సైన్యాన్ని గుట్ట మీద కోటగా నిలిపి, గెలిచేశానన్న ధీమాతో టీ పెట్టించుకున్నాడు. నేను చిన్న దళంతో కొట్టి, వెనక్కి తగ్గే కార్డు వేశాను. అతని పాచిక ఆరు పడింది. రూలు ప్రకారం బిళ్ళ మళ్లీ బండ్ల వైపు తిరిగింది, సైన్యం నన్ను తరుముతూ మైదానంలోకి దిగింది. పక్క గడిలో దాచిన నా గుర్రపు దళం అప్పుడు బయటికొచ్చింది. "బావా, గెలుస్తున్నవాడు కోట వదిలి ఎందుకొస్తాడు?" అంటూ రూల్స్ పుస్తకం లాక్కున్నాడు. 1434 మే 30న లిపానీ దగ్గర అచ్చం ఇలాగే జరిగింది. శత్రువు పారిపోతున్నాడనుకుని బండ్లు తెరిచి వెంటపడ్డారు, ప్రోకోప్ అక్కడే చనిపోయాడు. ఆ సంగతి చెప్పాక మావాడు చాలాసేపు బోర్డు వంకే చూస్తూ ఉండిపోయాడు. నాకైతే ఆ ఒక్క పాచికతో ఆటకి పెట్టిన డబ్బంతా గిట్టుబాటైపోయింది.

ఈ ఆట కొన్న కొత్తలో రెండు పక్షాలూ సమానంగా రంజుగా ఉంటాయని అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. జిష్కా బతికున్నంతసేపు కాథలిక్ ఆటగాడు దెబ్బలు తింటూ ఓపిక పట్టాలి. యుద్ధం కన్నా బేరాలే అతనికి దిక్కు. ప్రభు భోజనంలో ద్రాక్షారసం మామూలు జనానికీ ఇస్తామని ఒప్పుకుంటే, ప్రాగ్‌లోని మితవాద హుస్సైట్లు మెల్లగా తాబొర్ వాళ్లకి, అంటే రాజీపడని తీవ్రవాద హుస్సైట్లకి, దూరమౌతారు. చరిత్రలోనూ లిపానీలో తాబొర్ వాళ్లని ఓడించింది ఆ మితవాదులూ కాథలిక్కులూ కలిసే. ఈ మంతనాల భాగం నాకు ఇష్టమే. కానీ కత్తులూ ఫిరంగులూ ఆశించి కూర్చున్నవాళ్లకి మొదటి గంటన్నర విసుగొస్తుంది. 1431 నాటి డొమాజ్లిత్సే యుద్ధం పేరున్న కార్డు పడితే మరీను. క్రూసేడ్ సైన్యం యుద్ధం చేయకుండానే పారిపోతుంది, చేసేదేమీ ఉండదు.

బిళ్ళల అట్ట కూడా పలచన. విశాఖ ఉక్కకి అంచులు లేచాయి, పొడి ఊళ్లో ఉండేవాళ్లకి ఈ బాధ ఉండకపోవచ్చు.

నాకు ఆదివారాలు ఖాళీ, ఎదురు కూర్చోవడానికి పట్టుదలున్న బావమరిది ఉన్నాడు, హుస్సైట్ల కథంటే ముందునుంచీ పిచ్చి. ఇవి మూడూ ఉన్నాయి కాబట్టే ఈ పెట్టె అటక ఎక్కలేదు. మీకు రెండు గంటలే దొరికితే, లేదా ఎదుటివాడు ప్రతిసారీ మారుతుంటే, కొనేముందు ఎవరి దగ్గరైనా ఒకసారి కాథలిక్ పక్షాన ఆడి చూడండి.