బాపుతో బ్లైనావన్ బొగ్గులోయ చుట్టూ తొమ్మిది కిలోమీటర్లు

మా బాపు గోదావరిఖనిలో 29 ఏళ్లు బొగ్గు బాయిలో (గనిలో) పనిచేశాడు, అందులో ఎక్కువ కాలం కోల్ ఫిల్లర్‌గా, అంటే టబ్బుల్లోకి బొగ్గు ఎత్తిపోసే పనిలో. మొన్న ఏప్రిల్‌లో మొదటిసారి బ్రిస్టల్‌కు, మా దగ్గరికి వచ్చాడు. లండన్ అంతా తిప్పి చూపిస్తే "మంచిగుంది బిడ్డా" అన్నాడు, అంతే. ఆయన మనసుకు దగ్గరయ్యే చోటు ఏదైనా చూపించాలని వేల్స్‌లోని బ్లైనావన్‌కు తీసుకెళ్లాను. మా ఇంటి నుంచి కారులో గంట దూరం. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఎక్కడికి తీసుకెళ్లాలా అని ఆలోచించేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ముందు బాయి చూడండి, ఆ తర్వాతే నడక. అక్కడున్న బిగ్ పిట్ గని 1980లో మూతపడింది, 1983 నుంచి మ్యూజియంగా నడుస్తోంది. మ్యూజియంలోకి వెళ్లడానికి టికెట్ లేదు, కారు పార్కింగ్‌కు మాత్రం కట్టాలి. భూగర్భ టూరు వివరాలు బయల్దేరే ముందే వాళ్ల సైటులో చూసుకోండి. లోపలికి దిగి వచ్చాక కొండ ఎక్కితేనే కాలికింద ఏముందో అర్థమవుతుంది. మేం పొద్దున్నే వెళ్లి, ముందు లోపలికి దిగి, తర్వాత నడిచాం.

దిగే ముందు ఫోన్లు, బ్యాటరీ వాచీలు, లైటర్లు అన్నీ ఇచ్చేయాలి. వాళ్లు చెప్పకముందే బాపు జేబులు తడుముకుని అన్నీ తీసి పెట్టాడు. తలకు హెల్మెట్, దాని మీద క్యాప్ ల్యాంప్, నడుముకు బెల్టు. ఆయన పనిచేసింది ఇంక్లైన్‌లో, వాలు దారిన లోపలికి పోయే బాయిలో. ఇక్కడ కేజ్‌లో, అంటే గని లిఫ్టులో, 90 మీటర్లు నిలువునా దింపుతారు. కేజ్ కదలగానే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

మా గైడ్ ఒకప్పుడు గనిలో పనిచేసిన మనిషి. బాపుకు ఇంగ్లిష్ రాదు, నేనే తెలుగులో చెప్పాలనుకున్నాను. కానీ ఐదు నిమిషాలు తిరక్కుండానే నా అవసరం లేకుండా పోయింది. ప్రాప్ (పైకప్పుకు పెట్టే ఊత), హాలేజ్ (టబ్బులు లాగడం), రూఫ్, గ్యాస్, షాట్ ఫైరింగ్ (మందు పెట్టి పేల్చడం): సింగరేణిలో బాపు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వాడిన మాటలివి. మా ఇంట్లో అవి తెలుగు మాటలే. ఆ మాటలతోనే ఇద్దరూ ముచ్చట పెట్టుకున్నారు. ఒకచోట గైడ్ తన చేతికర్ర బాపుకిచ్చి పైకప్పు వైపు చూపించాడు. బాపు తల కొంచెం పక్కకు వంచి, కర్ర మొనతో రాతిని రెండుసార్లు కొట్టి విన్నాడు. రెండడుగులు జరిగి మళ్లీ కొట్టాడు. "ఖంగుమంటే గట్టిది. బోలుగ మోగితే దానికింద నిలవడొద్దు" అని నాకు చెప్పాడు. నేను ఇంగ్లిష్‌లో చెప్పబోయేలోపే గైడ్ తలూపాడు. అప్పటికి ముప్ఫై ఏళ్లు దాటిన నేను, మా బాపు రోజూ పనిలోకి వెళ్లగానే ముందు ఏం చేసేవాడో మొదటిసారి చూశాను.

లోపల గుర్రాల కొట్టాలు ఉన్నాయి, ఒక్కో గుర్రం పేరు రాసిన పలకలతో సహా. గాలి తలుపుల దగ్గర చీకట్లో చిన్నపిల్లలు కూర్చుని, బొగ్గు టబ్బులు వచ్చినప్పుడల్లా తెరిచి మూసేవాళ్లట. పదేళ్లలోపు మగపిల్లలనూ, ఆడవాళ్లనూ భూగర్భంలో పనిచేయించకూడదని 1842లో చట్టం వచ్చింది. ఆ తలుపు దగ్గర అందరినీ లైట్లు ఆర్పమన్నారు. ఆ చీకటి గురించి రాయడం నా వల్ల కాదు.

పైకి వచ్చాక స్నానాల గదులు తప్పకుండా చూడండి. 1939లో కట్టినవి. ఒక్కో మనిషికి రెండు బీరువాలు, ఒకటి ఇంటి బట్టలకు, ఒకటి బాయి బట్టలకు. బాపు చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి అమ్మ కాగులో నీళ్లు కాచి ఉంచేది, నేను వీపు రుద్దేదాన్ని, జాలారులోంచి నల్లనీళ్లు పోయేవి. ఎంత రుద్దినా కంటి రెప్పల అంచున కాటుక పెట్టినట్టు బొగ్గు మిగిలేది.

ఇక నడక. ఈ కొండల మీద ఐరన్ మౌంటెన్ ట్రయిల్ అని సుమారు 12 మైళ్ల దారి ఉంది, రెండు చుట్లుగా విడగొట్టుకోవచ్చు. మేం పూర్తిగా అది పట్టుకోలేదు. బిగ్ పిట్ నుంచి గార్న్ లేక్స్, అక్కడి నుంచి కొండెక్కి పుల్ దీ, కీపర్స్ పాండ్, కిందికి దిగి ఐరన్‌వర్క్స్ (పాత ఇనుము కర్మాగారం), మళ్లీ బిగ్ పిట్. నా ఫోన్ లెక్కలో 9 కిలోమీటర్లు, బాపు ఆగిన చోటల్లా ఆగుతూ నాలుగు గంటలు.

గార్న్ లేక్స్ దగ్గర బాతులు, గడ్డి, గొర్రెపిల్లలు. నేను చెరువులు చూస్తుంటే బాపు గట్లు చూస్తున్నాడు. "ఇది గుట్ట గాదు బిడ్డా, బాయిల నుంచి ఎల్లిన మట్టి" అన్నాడు. నిజమే, గని మట్టి దిబ్బలను సర్ది చేసిన చోటది. అదే వేల్స్‌లో, ఇంకో లోయలో, 1966లో అబెర్‌ఫాన్ బడి మీద ఇలాంటి దిబ్బే జారి 144 మంది పోయారు, అందులో 116 మంది పిల్లలు. ఆ మాట చెప్పాక బాపు మళ్లీ ఆ గట్టు వైపు తిరిగి చూశాడు.

పుల్ దీ వైపు ఇంకా పెద్ద దిబ్బలు కనిపిస్తాయి, కెనడా టిప్స్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడా సైనికులు యంత్రాలతో పైనుంచి తవ్వి బొగ్గు తీసినప్పటివి. ఓపెన్ కాస్ట్ అన్నమాట. బాపు వెంటనే గుర్తుపట్టాడు, రామగుండం చుట్టూ ఉన్న మట్టి కుప్పలు ఇంతకు పదింతలు. ఒకప్పుడు పుల్ దీలో బడి, ఇళ్లు ఉండేవి. 1960ల్లో ఊరు ఖాళీ చేయించి కూల్చేశారు. ఇప్పుడు ఒకటి రెండు కట్టడాలు తప్ప అంతా గడ్డే. మా వైపు ఓపెన్ కాస్ట్ కింద ఊళ్లు ఎలా పోయాయో చూసిన మనిషి కదా, ఇళ్లున్న చోటేదో వెతుక్కుంటూ గడ్డిలో తిరిగాడు. ఒకచోట గోడ అడుగురాళ్లలాంటివి కనిపిస్తే కాలితో గడ్డి పక్కకు తోసి చూశాడు. అదే కొండ కింద రెండు కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగం ఉంది. బ్లైనావన్ ఇనుమును గుర్రాలు దాంట్లోంచి ఇవతలికి లాగేవి.

అక్కడి నుంచి కీపర్స్ పాండ్ దాకా పొగమంచు కమ్మింది. గుర్తు కర్రలు కనబడక గొర్రెల దారి పట్టి నలభై నిమిషాలు పోగొట్టుకున్నాం. నాకు బాగా టెన్షన్ పట్టుకుంది. బాపు మాత్రం నిలబడి, దూరంగా రోడ్డు మీద కార్ల చప్పుడు విని ఆ దిక్కుకు నడిపించాడు. కాగితం మ్యాప్ ఒకటి తప్పకుండా పెట్టుకోండి, పైన సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. కొండమీద టాయిలెట్లు మాకెక్కడా కనబడలేదు. బురద ఎక్కువ, మడమ పట్టే బూట్లు కావాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కారులో నేరుగా కీపర్స్ పాండ్‌కు వెళ్లొచ్చు, పార్కింగ్ ఉంది. మంచు విడిపోతే కింద ఉస్క్ లోయ, ఎదురుగా షుగర్ లోఫ్ కొండ కనిపిస్తాయి. మాకు పది నిమిషాలు కనిపించింది. అమ్మ కట్టిచ్చిన సకినాలు అక్కడే కూర్చుని తిన్నాం.

ఐరన్‌వర్క్స్‌లో మేం ఎక్కువసేపు లేం, అప్పటికే అలిసిపోయాం. 1789 నాటి కొలిమిలు, పక్కన బండ్లను పైకెత్తడానికి 1839లో కట్టిన ఎత్తైన రాతి బురుజు. ఒక పక్క తొట్టిలో నీళ్లు నింపితే ఆ బరువుకు అది దిగుతుంది, రెండో పక్క బండి పైకి లేస్తుంది. ఆవిరి లేదు, కరెంటు లేదు. బాపు ఆ లెక్క నాతో రెండుసార్లు చెప్పించుకున్నాడు.

నేనైతే ఐదుకు నాలుగున్నర ఇస్తాను, ఆ అర మార్కు దారి గుర్తులకు పోయింది. సాయంత్రం బిగ్ పిట్ క్యాంటీన్‌లో టీ తాగుతుంటే పొద్దుటి గైడ్ డ్యూటీ దిగి అటుగా వచ్చాడు. బాపు లేచి నిలబడి రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆయన బాపు అరచెయ్యి తిప్పి, చర్మం లోపల ఉండిపోయిన బొగ్గుపొడి నీలం మచ్చ చూసి, తన ముంజేతి మీది మచ్చ చూపించాడు.