చవకగా వస్తోందని పాత రీబ్రీదర్ కొనకండి: శ్రీకాకుళం నుంచి ఒక హెచ్చరిక

రీబ్రీదర్ (నీళ్ల అడుగున మనం వదిలిన ఊపిరినే శుభ్రం చేసి మళ్లీ పీల్చనిచ్చే డైవింగ్ యంత్రం) కోసం ఎవరికైనా బయానా పంపబోతున్నారా? ఒక్క పూట ఆగండి. ఇది చదివాక కూడా కొనాలనిపిస్తే అప్పుడు కొనండి. నేను 3,20,000 రూపాయలు పెట్టి వాడిన యంత్రం ఒకటి కొన్నాను. ఆ డబ్బు పోయినట్టే. అంతకంటే పెద్ద నష్టం మా ఇంటి వరండాలో తృటిలో తప్పిపోయింది. అందుకే రాస్తున్నాను.

ముందు నా సంగతి కొంత. ఉండేది శ్రీకాకుళంలో. స్కూబా నేర్చుకుని ఆరేళ్లయింది. నేర్చుకున్నది అండమాన్‌లో అయినా, ఆ తర్వాతి డైవులన్నీ దాదాపు మన తీరంలోనే: విజయనగరం జిల్లా చింతపల్లి దగ్గరి రాళ్ల మీద, బారువ దగ్గర మునిగిన పాత ఓడ శిథిలం మీద, అప్పుడప్పుడు రుషికొండలో. నాకు చేపల ఫొటోలంటే ప్రాణం. రాతి సందులోంచి చేప మెల్లగా బయటికి వస్తుంది, కెమెరా సరిచేసుకుంటాను, ఊపిరి వదలగానే బుడగలు గలగలమంటూ పైకి లేస్తాయి, చేప తోక తిప్పుకుని మాయమవుతుంది. ఈ బాధ పడలేకే బుడగలు రాని యంత్రం వైపు మనసు మళ్లింది.

తెలియని వారి కోసం ఆ యంత్రం ఏమి చేస్తుందో చెబుతాను. మనం మామూలుగా వాడే ఓపెన్ సర్క్యూట్‌లో సిలిండర్ గాలి పీల్చి నీళ్లలోకి వదిలేస్తాం. పీల్చే గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటుంది, వదిలే గాలిలో ఇంకా 16, 17 శాతం మిగిలే ఉంటుంది. మోసుకెళ్లిన దానిలో అధిక భాగం బుడగల పాలే. రీబ్రీదర్ ఆ వదిలిన ఊపిరిని గొట్టాల్లో, సంచుల్లో పట్టి ఉంచుతుంది. సోడా లైమ్ గుళికలు నింపిన డబ్బాలోంచి దాన్ని నడిపి కార్బన్ డయాక్సైడ్‌ను తీసేస్తుంది. ఒళ్లు వాడుకున్నంత ఆక్సిజన్‌ను చిన్న సిలిండర్‌లోంచి కలిపి మళ్లీ మన నోటికే అందిస్తుంది. ఆక్సిజన్ ఎంత ఉందో మూడు సెల్లులు కొలుస్తుంటాయి. తగ్గితే సోలినాయిడ్ అనే విద్యుత్ వాల్వు టిక్కుమని తెరుచుకుంటుంది. ఎంత లోతుకు దిగినా ఒంటికి కావలసిన ఆక్సిజన్ నిమిషానికి ఒక లీటరు అటూ ఇటూగానే ఉంటుంది కాబట్టి చిన్న సిలిండర్ గంటల కొద్దీ సరిపోతుంది. చదువుతుంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. నాకూ పుట్టింది.

ఒక పెద్ద నగరంలో డైవింగ్ సామాన్లు అమ్మే దుకాణం వారి ప్రకటన చూసి ఫోను చేశాను. "నలభై గంటలు కూడా వాడలేదు సార్, సెల్లులు కొత్తవి, మా శిక్షకుడు రుషికొండకే వచ్చి రెండు రోజుల్లో నేర్పేస్తాడు" అన్నారు. రుజువుగా యంత్రం తెర ఫొటో పంపారు. మూడు సెల్లులూ 0.21 చూపిస్తున్నాయి. గాలిలో ఉండవలసిన అంకె అదే కదా అని నమ్మాను. ఆ ఫొటో దేనికీ రుజువు కాదని ఎందుకంటున్నానో తర్వాత చెబుతాను.

పెట్టె వచ్చింది. శిక్షకుడు రాలేదు. "ఆయన వచ్చేలోగా ఇంట్లో కుర్చీలో కూర్చుని రోజూ కాసేపు ఊపిరి పీల్చండి, అలవాటవుతుంది" అని దుకాణం వారే ఫోనులో చెప్పారు. దయచేసి ఈ మాట ఎవరు చెప్పినా వినకండి.

ఒక ఆదివారం వరండాలో కూర్చున్నాను. ముక్కుకు క్లిప్పు, నోట్లో గొట్టం. అంతకుముందు ఆక్సిజన్ వాల్వు తెరిచి చూసి మూసేశాను, మళ్లీ తెరిచాననే అనుకున్నాను. సోలినాయిడ్ టిక్ టిక్ అంటూనే ఉంది, యంత్రం చక్కగా పనిచేస్తోందనుకున్నాను. నిజానికి లోపల ఆక్సిజన్ తగ్గిపోతున్న కొద్దీ అది మళ్లీ మళ్లీ తెరుచుకుంటోంది, వెనక మూసి ఉన్న సిలిండర్ నుంచి ఏమీ రావడం లేదు. తెర పక్కకు తిరిగి ఉంది. మోగవలసిన హెచ్చరిక గంట మోగలేదు. అయిదు నిమిషాలు కూడా గడిచి ఉండవు. "నాన్నా, నీ పెదాలు నీలంగా ఉన్నాయేమిటి?" అని మా అమ్మాయి అడిగిందట. నాకు వినపడలేదు. నా భార్య పరుగెత్తుకొచ్చి నోట్లోంచి గొట్టం లాగేసింది. "ఏమండీ, ఏమండీ" అని ఆమె నా చెంపలు తడుతుండగా కళ్లు తెరిచాను.

ఆ అయిదు నిమిషాల్లో నాకు ఏ ఇబ్బందీ తెలియలేదు. ఆయాసం లేదు, గుండెదడ లేదు, హాయిగా కునుకు పట్టినట్టుంది. దీని గురించి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఊపిరి బిగబడితే మనకు కలిగే ఉక్కిరిబిక్కిరి ప్రధానంగా ఒంట్లో పెరిగే కార్బన్ డయాక్సైడ్ వల్ల కలుగుతుంది. సోడా లైమ్ దాన్ని తీసేస్తోంది కాబట్టి ఆక్సిజన్ అయిపోతున్నా ఒళ్లు మొరపెట్టుకోదు. మామూలు స్కూబాలో సిలిండర్ ఖాళీ అయితే పీల్చడమే కష్టమై వెంటనే తెలిసిపోతుంది. ఇక్కడ నోటికి గాలి అందుతూనే ఉంటుంది, ఆ గాలిలో ప్రాణం మాత్రం ఉండదు. నీళ్లలో ఉండి ఉంటే గొట్టం లాగేవారు ఎవరు?

ఆ తర్వాత బుద్ధిగా, సరిగ్గా ఆ మోడల్ మీదే నేర్పే అర్హత ఉన్న శిక్షకుణ్ణి వెతికి పట్టుకున్నాను. దుకాణం వారు పంపుతామన్న మనిషి అర్హత వేరే కంపెనీ యంత్రానిదని అప్పుడే తెలిసింది. రీబ్రీదర్ శిక్షణ కారు నడపడంలాంటిది కాదు, ఒకటి వస్తే అన్నీ వచ్చినట్టు కాదు. ఏ యంత్రానికి ఆ యంత్రం మీదే మళ్లీ శిక్షణ పొందాలి.

ఆయన నా ఎదుటే యంత్రం విప్పారు. ముందు మౌత్‌పీస్, అంటే నోట్లో పెట్టుకునే భాగం. ఊపిరి ఒకవైపే తిరిగేలా చూసే పలుచని రబ్బరు రేకులు రెండు అందులో ఉంటాయి. ఒకటి అంచు ముడుచుకుపోయింది. అంటే వదిలిన ఊపిరిలో కొంత శుభ్రం కాకుండానే వెనక్కి నోట్లోకి వస్తుంది, ఎంత కొత్త సోడా లైమ్ నింపినా కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. హెచ్చరిక గంట తీగ ఉప్పు పట్టి తుప్పులో తెగిపోయి ఉంది. తర్వాత సెల్లులు బయటికి తీశారు.

వాటి మీద తయారీ తేదీ ముద్రించి ఉంటుంది. నావి మూడేళ్ల నాటివి. సాధారణంగా ఏడాది, ఏడాదిన్నరకే మార్చెయ్యాలి. ఇది కూడా ఒక చిన్న బ్యాటరీయే: ఆక్సిజన్ తగిలితే మిల్లీవోల్టులు పుట్టిస్తుంది, వాడినా వాడకపోయినా లోపల అరుగుతూనే ఉంటుంది. నలభై గంటలే వాడారన్న మాటకు అందుకే విలువ లేదు. గాలిలో మూడూ సుమారు 10 మిల్లీవోల్టులు చూపించాయి. గాలిలో ఉన్నది 21 శాతం కనుక స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో పెడితే దానికి 4.76 రెట్లు, అంటే 47 దాటాలి. ఒకటి మాత్రమే దాటింది. మిగతా రెండూ 36 దగ్గర ఆగిపోయాయి. గాలిలో తీసిన ఆ 0.21 ఫొటో ఎందుకు మోసమో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ముసలి సెల్లు తక్కువ ఆక్సిజన్‌లో నిజమే చెబుతుంది, ఎక్కువలో చెప్పలేకపోతుంది.

నీళ్లలో ఇది ఎలా చంపుతుందో కూడా ఆయన వివరించారు. చాలా యంత్రాల్లో మూడు సెల్లుల మధ్య ఓటింగు లాంటిది జరుగుతుంది: రెండు ఒకే మాట చెబితే మూడోది తప్పని తీర్మానిస్తుంది. నా యంత్రంలో చెడిపోయిన రెండూ ఒక మాట మీద ఉన్నాయి, నిజం చెప్పేది ఒంటరి. ఆక్సిజన్ పీడనం 1.3 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) దగ్గర ఉంచమని చెబితే ఆ రెండు సెల్లులూ అక్కడి దాకా చేరనే లేవు. యంత్రం ఇంకా చాలలేదనుకుని ఆక్సిజన్ పోస్తూనే ఉంటుంది. పీడనం 1.6 దాటిపోతే ఏ క్షణాన్నయినా మూర్ఛ రావచ్చు. నీళ్ల అడుగున మూర్ఛ అంటే మౌత్‌పీస్ జారిపోవడమే.

మరో రెండు దెబ్బలు. ఆక్సిజన్ నింపించడానికి శ్రీకాకుళంలోని డిపోకు సిలిండర్ తీసుకెళ్తే వారు ముట్టుకోలేదు. విదేశం నుంచి వచ్చిన సిలిండర్, దాని మీద మన దేశపు పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ఆమోదం లేదు, పీడన పరీక్ష ముద్ర గడువు దాటింది. అప్పుడు కోపం వచ్చింది కానీ వారు చేసిందే సరి. ఇక సోడా లైమ్. ఆసుపత్రుల్లో మత్తు యంత్రాల్లో కూడా అదే వాడతారు కదా అని మత్తు వైద్యుడైన మిత్రుణ్ణి అడిగాను. గుళికల పరిమాణం వేరు, డైవింగుకు నిర్ణయించిన రకమే నింపాలి, అయిపోయిందని తెలిపే రంగు మార్పును నీళ్లలో నమ్ముకోకూడదు అన్నాడు. గుళికల డబ్బాలోకి నీరు చేరితే ఆ క్షారం నోట్లోకి వచ్చి గొంతు కాలుస్తుంది. చింతపల్లి దగ్గర అలలు దాటి పడవ ఎక్కేటప్పుడు మనం ఎన్నిసార్లు బోర్లా పడతామో గుర్తు తెచ్చుకోండి.

అయితే రీబ్రీదర్‌కు ఎప్పుడు మారాలి? ఇన్ని డైవులు పూర్తయితే అర్హులు అని శిక్షణ సంస్థలు ఒక సంఖ్య చెబుతాయి. నా మట్టుకు ఆ సంఖ్య కంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: మీ డైవు గాలి అయిపోవడం వల్లే ముగుస్తోందా? నా లాగ్ పుస్తకం తెరిచి చూశాను. నీటిపైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే నాకు, పీడనం రెట్టింపయ్యే 10 మీటర్ల లోతున 40 లీటర్లు ఖర్చవుతుంది. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ నింపి 50 బార్ మిగుల్చుకుని వస్తే 45 నిమిషాలు. మన తీరంలో నా డైవులు అంతకుముందే ముగుస్తున్నాయి: నీరు మసకబారడం వల్ల, ప్రవాహం మారడం వల్ల, గాలి తిరిగిందని పడవ బాబాయి తాడు లాగి పిలవడం వల్ల. ఇంకో పది నిమిషాలు కావాలంటే 15 లీటర్ల సిలిండర్ చాలు. జంట సిలిండర్లు కూడా ఉన్నాయి. వీటికి పెట్టే ఖర్చు, పడే ప్రమాదం రెండూ చిన్నవి.

60 మీటర్ల లోతుకు హీలియం కలిపిన వాయువుతో దిగేవారి లెక్క వేరు. అక్కడ ఓపెన్ సర్క్యూట్‌లో నిమిషానికి 140 లీటర్లు బుడగలుగా పోతాయి, హీలియం ధర తెలిసిన వారికి అదెంత నష్టమో తెలుసు. పొడవైన గుహల్లోకి వెళ్లేవారికీ, ప్రతి నెలా నీళ్లలో ఉండి ఒకే జీవిని గంటల తరబడి గమనించేవారికీ ఈ యంత్రం నిజంగా కావాలి. మన సముద్రం ఏడాదిలో కొన్ని నెలలే దిగనిస్తుంది. మిగతా నెలల్లో చేతి అలవాటు పోతుంది, సెల్లులు అలమారాలో ఉండే ముసలివైపోతాయి.

ఓపెన్ సర్క్యూట్‌లో ఆరితేరాను కాబట్టి ఇదీ వచ్చేస్తుందనుకోవడం కూడా పొరపాటు. అక్కడ ఊపిరి నిండా పీల్చితే కాస్త పైకి లేస్తాం, వదిలితే దిగుతాం. ఇక్కడ ఊపిరితిత్తుల్లోంచి పోయిన గాలి సంచిలోకి చేరుతుంది, అందుకే ఒళ్లు కదలదు. తేలడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. యంత్రం మొరాయిస్తే పైకి రావడానికి వేరే సిలిండర్, అంటే బెయిలౌట్, ఎలాగూ మోయాలి. భయపడిన మనిషి నీటిపైన లెక్కలో నిమిషానికి 40 లీటర్లు పీల్చితే, పీడనం నాలుగింతలయ్యే 30 మీటర్ల దగ్గర అది 160 లీటర్లు అవుతుంది. ఆ లెక్క వేయకుండా చిన్న సీసా వేలాడదీసుకుని దిగేవారిని చూస్తే నాకు దడగా ఉంటుంది. ఆస్ట్రేలియా వైద్యుడు ఆండ్రూ ఫాక్ 2013లో ప్రచురించిన విశ్లేషణ 1998 నుంచి 2010 వరకు 181 రీబ్రీదర్ మరణాలను లెక్కలోకి తీసుకుంది. ఓపెన్ సర్క్యూట్ కంటే ముప్పు దాదాపు పది రెట్లు ఉండవచ్చని ఆయన అంచనా.

అయినా కొంటామంటే, ముందు శిక్షకుణ్ణి ఎంచుకోండి, ఆయన చూసి సరేనన్న యంత్రమే తర్వాత కొనండి. సెల్లుల మీది తేదీ కనిపించేలా ఫొటో అడగండి, గాలిలోనూ ఆక్సిజన్‌లోనూ మిల్లీవోల్టులు వీడియోలో చూపించమనండి. సిలిండర్ మీది ముద్రలు చూడకుండా పైసా పంపవద్దు. ఇవి అడగ్గానే విసుక్కునే దుకాణంతో బేరం అక్కడే ముగించండి.

దుకాణం వారు డబ్బు తిరిగి ఇవ్వలేదు. "వాడిన సరుకు, హామీ లేదని బిల్లులోనే రాశాం" అంటున్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారు తాము ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, అమ్మినవారి ఊరికి వెళ్లనక్కరలేదు. రెండేళ్ల లోపు చేయాలి. 1915 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. "సెల్లులు కొత్తవి" అని వారు రాసిన సందేశం నా దగ్గర భద్రంగా ఉంది, శ్రీకాకుళంలోనే ఫిర్యాదు వేశాను. మీరు కూడా బేరమంతా ఫోనులో మాట్లాడి వదిలేయకండి, రాతలో తీసుకోండి.

యంత్రం మా ఇంట్లో మెట్ల కింద ఉంది. సెల్లులు, మౌత్‌పీస్ విడిగా తీసి పెట్టాను. దాన్ని ఎవరికీ అమ్మను. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎవరైనా ఇలాంటిది కొనే ఆలోచనలో ఉంటే ఒకసారి మా ఇంటికి రండి. ఆ ముడుచుకుపోయిన రబ్బరు రేకు, సెల్లు మీది తేదీ మీ చేతిలో పెట్టి చూపిస్తాను.