పిల్లల బట్టలపై రెండు ముద్రలు: ఓకోటెక్స్, గాట్స్

'పర్యావరణహితం' అని ఏ బ్రాండైనా రాసుకోవచ్చు. ఆ మాటకన్నా లేబుల్ మీది ముద్ర చూడటం మేలు. తరచూ కనిపించేవి రెండు.

1992లో మొదలైన ఓకోటెక్స్ స్టాండర్డ్ 100 బట్టలో హానికర రసాయనాల కోసం పరీక్షిస్తుంది. దారం, గుండీ, జిప్పు దేన్నీ వదలదు. మూడేళ్లలోపు పిల్లల బట్టలకైతే అన్నిటికన్నా కఠినమైన పరిమితులు. కానీ పత్తిని ఎలా పండించారన్నది దానికి పట్టదు. పూర్తి పాలిస్టర్ గౌనుకూ ఈ ముద్ర దక్కుతుంది! పసివాడి చర్మానికి భరోసాగా మంచిదే, పర్యావరణానికి పూచీ మాత్రం కాదు.

గాట్స్ (GOTS, సేంద్రియ బట్టలకు అంతర్జాతీయ ప్రమాణం) పరిధి పెద్దది. సేంద్రియ పీచు కనీసం 70 శాతం ఉండాలి, 'ఆర్గానిక్' అని రాయాలంటే 95. అద్దకం రసాయనాలు, మురుగునీటి శుద్ధి, కార్మికుల పరిస్థితులు కూడా తనిఖీ చేస్తారు. బ్రాండ్‌ను తూచాలంటే నా ఓటు దీనికే.

రెండింటికీ ఒక లోటుంది: బట్ట ఎన్నాళ్లు మన్నుతుందో, తమ్ముడికీ పనికొస్తుందో పెద్దగా చెప్పవు. పైగా బ్రాండ్ మొత్తానికి కాక, కొన్ని రకాలకే ముద్ర ఉండొచ్చు. గాట్స్ లేబుల్‌పై లైసెన్సు నంబరు ఉంటుంది, దాన్ని వాళ్ల వెబ్‌సైట్‌లో వెతికి చూసుకోవచ్చు.